ముప్పై ఆరో నంబరు ముద్ర

మా అత్త ఎవరింటికి వెళ్లినా ముందు వాళ్ల వస్తువుల్ని తలకిందులు చేస్తుంది. గోడ గడియారమో, మిక్సీయో, ఫోను ఛార్జరో, ఏది చేతికందితే అది. తిప్పి, అడుగున అంటించిన చీటీ చదివి, మాట్లాడకుండా మళ్లీ ఉన్నచోటే పెట్టేస్తుంది. కొత్తగా చూసినవాళ్లు ఈవిడ దొంగసొత్తు వెతకడానికి వచ్చిందేమోనని కంగారు పడతారు. నేను పుట్టినప్పుడు కూడా నన్ను బోర్లా తిప్పి వీపు మీద నంబరు వెతికిందని మా నాన్న చెప్పేవాడు. అప్పట్లో ఆ మాటకి ఆవిడ పడీపడీ నవ్వేదట. నాకు ఊహ తెలిశాక మాత్రం నవ్వగా చూడలేదు. ఏడవగానూ చూడలేదు. మా నాన్న పోయిన రోజున, అంటే ఆవిడ సొంత అన్నయ్య పోయిన రోజున, వచ్చినవాళ్లకి కుర్చీలు వేసి మంచినీళ్లు అందించింది. చెల్లెలికి చీమ కుట్టినట్టైనా లేదని బంధువులు గుసగుసలాడుకున్నారు. వాళ్లనేం అనగలను, నాకే ఒళ్లు మండింది. ఆ మంట చాలా ఏళ్లు ఉంది.

అత్తకి అరవై నాలుగేళ్లు. పెళ్లి చేసుకోలేదు. రెండు గదుల ఇల్లు. ముందు గదిలో మంచం, కుర్చీ, పొయ్యి. వెనక గది నిండా పాత హోమ్ కంప్యూటర్లు. ఇప్పటి పిల్లలకి చెప్పినా నమ్మరు గానీ, అప్పట్లో కంప్యూటరంటే లావుపాటి కీబోర్డు, అంతే. దాన్ని ఇంట్లో టీవీకి తగిలించుకోవాలి. ప్రోగ్రాము క్యాసెట్‌లో ఉంటుంది. టేప్ రికార్డరు ఐదు నిమిషాల పాటు చెవులు చిల్లులు పడేలా కీచుమంటే గానీ ఆట మొదలవదు. అలాంటివి అత్త దగ్గర యాభై పైచిలుకు ఉన్నాయి. వాటికి కరెంటిచ్చే నల్లటి డబ్బాలు, టేప్ రికార్డర్లు, ఆటలాడే జాయ్‌స్టిక్కులు, నోరు తెరుచుకుని ఉండే ఒక ప్రింటరు వేరే. అన్నీ బోర్లా పడుకోబెట్టి ఉంటాయి, నంబర్లు పైకి కనిపించేలా. దుమ్ము తుడవడం నా పని. కంటి ఆపరేషను అయ్యాక ఆవిడకి వచ్చే ఉత్తరాలు చదివి జవాబులు టైపు చెయ్యడం కూడా నా నెత్తినే పడింది. నేను రవాణా కార్యాలయంలో టైపిస్టుని. పగలంతా బళ్ల నంబర్లు, సాయంత్రం ఈ నంబర్లు.

ఉత్తరాలు ఎక్కడెక్కడి నుంచో వస్తాయి. పాత కంప్యూటర్లు పోగేసే పిచ్చివాళ్లు ప్రపంచంలో ఇంతమంది ఉన్నారని నాకు అత్త వల్లే తెలిసింది. ఒకాయన చీటీ ఫొటో పంపి, "నాది జనవరిలో తయారైన తొలి యంత్రం, అవునా?" అని అడుగుతాడు. అత్త నాలుగు ముక్కల్లో ఆయన ఆశ మీద నీళ్లు చల్లుతుంది. ఆ చీటీ మీద మొదటి అక్షరం మోడలుది. తర్వాతి రెండంకెలు వారానివి. ఆ తర్వాతి ఒక్క అంకె సంవత్సరానిది. ఆ కంపెనీ ఏడేళ్లకే చాప చుట్టేసింది కాబట్టి ఏడాదికి ఒక్క అంకె సరిపోయింది. మిగిలిన అయిదూ వరుస సంఖ్య. ఇంతవరకూ ఎవరైనా కనిపెట్టగలరు. అందరూ బోల్తా పడేది వారం దగ్గర. ఫ్యాక్టరీ లెక్కలో మొదటి వారం ఏప్రిల్‌లో వస్తుంది. కరెంటు డబ్బాలు వేరే చోటు నుంచి వచ్చేవి, వాటి మీద మామూలు క్యాలెండరు. కంప్యూటరు మీద పదిహేనంటే జూలై, దాని పక్కనున్న డబ్బా మీద పదిహేనంటే ఏప్రిల్. రెండూ ఒకే రోజున పుట్టిన కవలలనుకుని మురిసిపోయినవాళ్లు ఎందరో.

ఇదంతా అత్తకి పుస్తకాల్లోంచి వచ్చింది కాదు. ఆ చీటీలు అంటించింది ఆవిడే. ఇరవై ఒకటో ఏట ఆ ఫ్యాక్టరీలో చేరి, పెట్టె బిగించాక అడుగున చీటీ అంటించే బల్ల దగ్గర కూర్చుంది. చీటీలోని చివరి మూడంకెలు పెట్టె లోపలివైపు మైనపు పెన్సిలుతో రాయాలి. మరమ్మతుకి వచ్చినప్పుడు ఒకదాని అడుగు ఇంకోదానికి బిగిస్తే దొరికిపోవడానికి ఆ ఏర్పాటు.

ఆవిడ జవాబుల్లో ప్రతిసారీ ఆఖరి వాక్యం ఒకటే. "వీలైతే పెట్టె విప్పి, లోపల బోర్డు మీద గుండ్రటి నీలం ముద్ర ఫొటో పంపగలరు." కొందరు పంపేవాళ్లు, కొందరు పంపేవాళ్లు కాదు. ఎందుకని నేను చాలాకాలం అడగలేదు. పిచ్చిలో ఇంకో పిచ్చి అనుకున్నాను. ఒకరోజు విసుగొచ్చి అడిగాను.

"ఆ ముద్రలతో నీకేం పని అత్తా? ఊరికే వాళ్లచేత స్క్రూలు విప్పిస్తావు."

"ముప్పై ఆరు కావాలి," అంది.

"ముప్పై ఆరంటే?"

"మీ చిన్నాన్న."

చిన్నాన్న గురించి మా ఇంట్లో మాట్లాడేవాళ్లు కాదు. నాన్నకి తమ్ముడు, అత్తకి కూడా తమ్ముడే, అత్తకీ అతనికీ రెండేళ్ల తేడా. నాకు రెండేళ్లప్పుడు పోయాడని మాత్రం తెలుసు. ఆ సాయంత్రం అత్త చెప్పింది, మిక్సీ చీటీ చదివినంత మామూలుగా.

చిన్నాన్న అదే ఫ్యాక్టరీలో బోర్డులు పరీక్షించేవాడు. పెట్టెలో బిగించకముందు బోర్డుకి కీబోర్డు, టీవీ తగిలించి, క్యాసెట్ ఎక్కించి నాలుగు నిమిషాలు నడిపించాలి. బాగుంటే ఎవరి నంబరు ముద్ర వాళ్లు కొట్టాలి. అతని నంబరు ముప్పై ఆరు. ఇతగాడు మహా తొందర మనిషి. టీవీలో బొమ్మ రాగానే ముద్ర కొట్టేసి, మిగిలిన మూడున్నర నిమిషాలు ఎగ్గొట్టి ఇంకో బోర్డు అందుకునేవాడు. ముగ్గురి బల్లల నుంచి వచ్చినన్ని బోర్డులు ఒక్కడి దగ్గర నుంచే రావడం చీటీల బల్ల దగ్గరున్న అత్త కనిపెట్టింది. ఇంట్లో తమ్ముడికి రెండుసార్లు చెప్పింది. "నీకెందుకే, చీటీలు అంటించుకో," అన్నాడు. అత్తకి పని విషయంలో ముక్కు మీదే కోపం. మూడోసారి చిన్నాన్నతో చెప్పలేదు, సూపర్‌వైజరుతో చెప్పింది.

ఆ సూపర్‌వైజరు ఎప్పుడూ ఈల వేసుకుంటూ తిరిగేవాడట. ఆ రోజు కూడా ఈల వేస్తూనే వచ్చి, చిన్నాన్న చేత నలభై బోర్డులు మళ్లీ పరీక్ష చేయించాడు. షిఫ్టు అయిపోయినవాళ్లందరినీ నిలబెట్టి, వాళ్లు చూస్తుండగా. ఎవరు చెప్పారో చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేకపోయింది. చిన్నాన్న తల ఎత్తి అక్క వైపు ఒకసారి చూశాడు. అది జూన్ పదకొండు, సోమవారం. ఆ సాయంత్రం సైకిలు మీద బయల్దేరినవాడు ఇంటికి రాలేదు. మర్నాడు సైకిలు కాలవ వంతెన మీద దొరికింది. హ్యాండిలుకి టిఫిన్ డబ్బా వేలాడుతూనే ఉంది. కాలవ నిండుగా పారుతోంది. మనిషి దొరకలేదు.

"దూకాడని ఎవరూ చూడలేదు," అంది అత్త. "అలిగి వెళ్లిపోయి ఉండొచ్చు కదా."

"వెళ్లిపోతే నలభై ఏళ్లలో ఒక్క ఉత్తరమైనా రాయడా అత్తా?"

"రాయకపోనీ. నా మీద కోపం పోకపోనీ. బతికుంటే చాలు."

అప్పుడు అర్థమైంది నాకు. ఆవిడకి చిన్నాన్న తిరిగి రావాల్సిన పని కూడా లేదు. ఆ రోజు నోరు తెరిచి తాను అన్న మాట తమ్ముణ్ణి కాలవలోకి తొయ్యలేదని ఎవరైనా రుజువు చూపించాలి. ఆ రుజువు కోసమే ఈ యాభై పెట్టెలూ, ఈ ఉత్తరాలూ.

ఆవిడ తర్కం ఇది. ఊరికి అవతల కంపెనీకి కొత్త షెడ్డు ఒకటి ఉండేది. అక్కడ కూడా బోర్డులు పరీక్షించి, పెట్టెల్లో బిగించడానికి పాత షెడ్డుకి పంపేవాళ్లు. కోపంతో ఉన్న చిన్నాన్న ఆ షెడ్డుకి మార్పించుకుని, ఇంటికి చెప్పొద్దని బతిమాలి, కొన్నాళ్లు అక్కడ పని చేసి, తర్వాత ఎటో పోయి ఉండొచ్చు. అడిగితే కొత్త షెడ్డువాళ్లు లేదన్నారు. లేదనమంటే లేదనే అంటారు కదా. కానీ ముద్ర అబద్ధం చెప్పదు. ఎవరి ముద్ర వాళ్లదే. మనిషి ఉద్యోగం మానేస్తే ఆ ముద్రని అందరి ఎదుటా సుత్తితో పగలగొట్టేవాళ్లు, ఇంకొకళ్లకి ఇచ్చేవాళ్లు కాదు. కాబట్టి జూన్ పదకొండు తర్వాత పరీక్ష చేసిన బోర్డు మీద ముప్పై ఆరు కనబడిందంటే, ఆ తేదీ తర్వాత చిన్నాన్న చేతులు కదిలాయన్నమాట.

అడుగున చీటీ ఒక్కటే చాలదు. బోర్డు ఎప్పుడో పరీక్షించి, అల్మారాలో పడేసి, నెల తర్వాత పెట్టెలో బిగించి ఉండొచ్చు. అందుకని ఆవిడ చిప్పుల మీద అంకెలు కూడా చదివేది. ప్రతి చిప్పు మీదా అది పుట్టిన ఏడూ వారమూ ఉంటాయి, ఇవి మామూలు క్యాలెండరు ప్రకారం. చిన్నాన్న పోయింది ఇరవై నాలుగో వారం. ఇరవై అయిదో వారంలో పుట్టిన చిప్పుని ఇరవై నాలుగో వారంలో ఎవడూ పరీక్షించలేడు. అలాంటి చిప్పు, ఆ బోర్డు మీదే ముప్పై ఆరో నంబరు ముద్ర. ఆవిడకి కావలసింది అదొక్కటే. నలభై ఏళ్లలో ముప్పై ఆరో నంబరు ముద్రలు తొమ్మిది దొరికాయి, అన్నీ ముందువే.

పదోది పళ్ల డాక్టరు పంపాడు. ఈయన పక్క ఊళ్లో ఉంటాడు. పళ్లు పీకగా మిగిలిన టైములో కంప్యూటర్లు విప్పుతాడు. నేను ఫొటో పెద్దది చేసి, రోజూలాగే నీరసంగా చదివాను.

"చీటీ మీద బి, పదిహేను, నాలుగు. లోపల ముద్ర ముప్పై ఆరు."

"చిప్పు మీద?"

"ఎనిమిది నాలుగు, రెండు అయిదు."

అత్త కుర్చీ దగ్గరికి లాక్కుంది. మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. మూడోసారి అడిగినప్పుడు నా గొంతు నాకే వింతగా వినిపించింది. ఎనభై నాలుగో సంవత్సరం, ఇరవై అయిదో వారం.

"అత్తా, అయితే చిన్నాన్న..."

"పెట్టె తెమ్మను. చూడకుండా చెప్పలేం," అని పొయ్యి దగ్గరికి వెళ్లి టీ మరిగిందో లేదో చూసింది. నాకు గెంతాలనిపిస్తోంది. ఆవిడ కప్పులు కడుగుతోంది. మనిషివా, బండవా అని అడగబోయి ఆగాను.

డాక్టరు దిండు గలీబులో చుట్టి తెచ్చాడు ఆ కంప్యూటర్ని, పసిపిల్లను తెచ్చినట్టు. మొదటి నుంచీ ఎవరి అటక మీదో పడి ఉందట, ఎవరూ వాడలేదట. టీవీకి తగిలించి మీట నొక్కితే తెర మీద నల్లచారలు తప్ప ఏమీ రాలేదు. అత్త భూతద్దం పెట్టి బోర్డు చూసింది.

"ఈ చిప్పు తిరగేసి పెట్టారు. ఫ్యాక్టరీలోనే," అంది.

డాక్టరు తల గోక్కున్నాడు. "అంటే పుట్టిన రోజు నుంచీ పనిచెయ్యలేదా అమ్మా? మరి పరీక్షలో పాసని ముద్ర ఎలా వేశారు?"

"టీవీ పెట్టకుండా వేశారు."

"అలా వేస్తారా?"

"కోపంలో వేసుంటాడు," అంది అత్త. తర్వాత నా వైపు తిరిగి, "వాడు తొందరపడేవాడు గానీ, బొమ్మ రాకుండా ఎప్పుడూ కొట్టలేదు. నా మీద కోపంతోనే," అంది. ఆ మాట అంటుంటే ఆవిడ మొహంలో సంతోషం లాంటిదేదో ఉంది. తమ్ముడు కోపంగా ఉన్నాడంటే ఉన్నాడన్నమాట.

పెట్టె లోపలివైపు మైనపు పెన్సిలు అంకెలు చెరిగిపోలేదు. తొమ్మిది, ఏడు, నాలుగు. ఏడు నడుముకి అడ్డగీత ఉంది. అది తన రాత కాదంది అత్త. అలా రాసేది పొడుగక్క. పక్క బల్ల మీద పనిచేసిన మనిషి. తలుపులో వంగి రావలసినంత పొడుగట, అందుకని అందరూ ఆ పేరే పెట్టారు.

"ఆ నెలంతా నేను ఇంట్లోనే ఉన్నాను," అంది అత్త. "మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాను. నా పని పొడుగక్క చేసుంటుంది. బోర్డు ఏ షెడ్డు నుంచి వచ్చిందో ఆవిడకి తెలుస్తుంది. బోర్డులొచ్చిన అట్టపెట్టెల మీద షెడ్డు పేరు చూసే కదా తీస్తాం."

పొడుగక్కని వెతకడానికి పెద్ద కష్టపడలేదు. ఫ్యాక్టరీ మూతపడ్డాక పాత పనివాళ్లు ఏటా ఒకసారి కలుసుకునేవాళ్లు. వాళ్ల దగ్గర ఫోను నంబర్ల జాబితా ఉంది. అత్త ఒక్కసారి కూడా ఆ కలయికకి వెళ్లలేదు. వెళ్లి ఉంటే నలభై ఏళ్లు ఆదా అయ్యేవి. ఇప్పుడనుకుని ఏం లాభం.

ఆదివారం మధ్యాహ్నం రెండు బస్సులు మారి వెళ్లాం. కంప్యూటరు అత్త ఒళ్లోనే ఉంది. పొడుగక్క కూతురి ఇంట్లో ఉంటోంది, లాండ్రీ కొట్టు పైన ఒక చిన్న గది. కింద నుంచి ఇస్త్రీ ఆవిరి వాసన వస్తోంది. పొడుగంతా వంగి పోయింది, ఇప్పుడు నా భుజం దాకా ఉంది. అత్తని చూడగానే రెండు చేతులూ పట్టుకుంది.

"ఎన్నేళ్లయిందే పిల్లా నిన్ను చూసి. ఒక్కసారైనా రాలేదేం?"

"పని ఉంది," అంది అత్త. కూర్చోబోయే ముందు బల్ల మీద గడియారాన్ని తిప్పి చూసింది. పొడుగక్క నవ్వింది. "నువ్వు మారలేదు," అంది. అత్త ఏ మాత్రం ఆలస్యం చెయ్యకుండా పెట్టె విప్పి, లోపల అంకెలు చూపించింది.

"ఇది నీ రాతే కదా అక్కా?"

పొడుగక్క కళ్లజోడు పెట్టుకుంది. "నాదే. ఈ ఏడు ఇంకెవరు రాస్తారు."

"జూలై నెల. నేను సెలవులో ఉన్నప్పుడు. ఈ బోర్డు కొత్త షెడ్డు నుంచి వచ్చింది కదా?"

"కాదే, మన షెడ్డే. కొత్త షెడ్డు అప్పటికి నీళ్లు కారుతోందని రెండు నెలలు మూసేశారుగా."

అత్త వేలు ముద్ర మీదికి వెళ్లింది. "మరి ఇది? ముప్పై ఆరు. చిప్పు చూడు. వాడు పోయిన తర్వాతిది. వాడు మన షెడ్డుకే వచ్చాడా? నాకెందుకు చెప్పలేదు మీరు?"

పొడుగక్క ముద్ర వంక చూసింది. అత్త వంక చూసింది. తర్వాత సాయం చెయ్యమన్నట్టు నా వంక చూసింది. నాకేం తెలుసు?

"నీకు గుర్తు లేదా?" అంది చివరికి.

"ఏది?"

"వాడి సీట్లో కూర్చున్నది నువ్వే కదమ్మా."

కింద కొట్లో ఎవరో బట్టల మూట దించిన చప్పుడు.

"నేను నెలంతా మంచం మీద ఉన్నాను," అంది.

"రాత్రిళ్లు ఉన్నావేమో. పొద్దున్నే వచ్చేదానివి. సైకిలు దొరికిన మూడో రోజునే వచ్చావు. నీ బల్ల దగ్గరికి రాలేదు, తిన్నగా వెళ్లి వాడి కుర్చీలో కూర్చున్నావు. సొరుగు లాగి ముద్ర తీశావు."

"ముద్ర పగలగొట్టాలి కదా. మనిషి లేకపోతే పగలగొట్టాలి."

"మానేస్తే పగలగొడతారు. వాడు మానేసినట్టు ఎక్కడ రాశాడు? పోయాడని రాయడానికి మనిషి దొరకలేదు. రిజిస్టర్లో పేరు అలాగే ఉంది. ముద్ర సొరుగులో అలాగే ఉంది. నువ్వొచ్చి తీసుకున్నావు."

అత్త కుడిచేతి బొటనవేలు వైపు చూసుకుంది. "నీలం," అంది. "వేలికి నీలం ఉండేది. అమ్మ సబ్బు పెట్టి రుద్దేది. ఎంతకీ పోయేది కాదు. ఎక్కడంటిందో చెప్పవే అని అడిగేది. నేను చెప్పలేదు. నాకు తెలీలేదు అక్కా."

అంతలోనే నాకు విషయం పూర్తిగా తలకెక్కింది. చిప్పు అబద్ధం చెప్పలేదు, చీటీ చెప్పలేదు. అత్త అంకెలన్నీ సరిగ్గానే చదివింది. చేతులు మాత్రం చిన్నాన్నవి కావు. తొమ్మిది ముద్రలు తమ్ముడివి, పదోది ఈవిడదే. ఈవిడ నలభై ఏళ్లుగా వెతికి వెతికి తన సొంత చేతుల్నే పట్టుకుంది. చిన్నాన్న ఆ సోమవారం సాయంత్రమే పోయాడు. నాకు గుర్తు కూడా లేని ఆ మనిషి గత పది రోజులుగా నా లెక్కలో బతికే ఉన్నాడు. ఇప్పుడు మళ్లీ పోయాడు.

అత్త అడిగిన ప్రశ్న మాత్రం నేననుకున్నది కాదు.

"టీవీ పెట్టేదాన్నా నేను?"

పొడుగక్క కళ్లజోడు తీసేసింది. "పోనీలేవే. ఇప్పుడెందుకవన్నీ."

"పెట్టేదాన్నా?"

"లేదు. ఒక్కదానికీ పెట్టలేదు. బోర్డు తీసేదానివి, ముద్ర కొట్టేదానివి, పక్కన పెట్టేదానివి. పిలిస్తే ఉలుకూ పలుకూ లేదు. మొదటి రోజు సూపర్‌వైజరు వచ్చి నీ వెనక నిలబడ్డాడు. ఆయన ఈల వెయ్యకుండా నడవడం ఆ రోజే చూశాం. కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. నాలుగు వారాలు అలాగే చేశావు. తర్వాత ఒకరోజు లేచి, నీ బల్ల దగ్గరికొచ్చి కూర్చుని చీటీలు అంటించావు, ఏమీ జరగనట్టు. ఆ రాత్రే ఆయన ముద్ర పగలగొట్టేశాడు."

"అన్ని బోర్డులూ పరీక్ష లేకుండా బయటికి పోయాయా?"

"పోనిస్తామా? సాయంత్రం నువ్వు వెళ్లాక మేం అయిదుగురం ఉండిపోయేవాళ్లం. నువ్వు కొట్టినవన్నీ మళ్లీ తగిలించి చూసేవాళ్లం. ఒక్కో రోజు అన్నీ చూడలేకపోయేవాళ్లం. ఇదిగో, ఇలాంటివి ఒకటో రెండో తప్పించుకుని ఉంటాయి."

"ఎవరూ చెప్పలేదా?"

"ఎవరికి?"

"ఆఫీసులో. పైవాళ్లకి. ఫలానా మనిషి చూడకుండా ముద్రలు కొడుతోందని."

"నీకేమైనా మతిపోయిందా?" అంది పొడుగక్క. ఆవిడకి నిజంగానే కాస్త కోపం వచ్చింది. "మన మనిషే కదా. కష్టంలో ఉంది కదా. నాలుగు బోర్డులు ఎక్కువ చూస్తే మా చేతులేం అరిగిపోతాయి? దానికి పోయి పైవాళ్లతో చెప్తారా ఎవరైనా?"

అన్న తర్వాత ఆవిడకి తెలిసింది ఏమన్నదో. చేత్తో నోరు మూసుకుంది. కానీ మాట బయటికి వచ్చేసింది.

"నేను చెప్పాను," అంది అత్త.

పొడుగక్క లేచి వచ్చి పక్కన కూర్చుంది. "అది వేరు. నువ్వు మంచికే..."

"అదే తప్పు అక్కా. వాడు బొమ్మ చూసి కొట్టేవాడు. నేను అదీ చూడలేదు. మీరు అయిదుగురూ ఉండి చూశారు. నేను కూడా ఉండి చూసుండొచ్చు. వాడు వెళ్లాక గంటసేపు ఉంటే సరిపోయేది. నాకు తోచలేదు. చెప్పేశాను."

ఆవిడ గొంతు అప్పటికీ మామూలుగానే ఉంది. ఒళ్లో ఉన్న పెట్టె మాత్రం టకటకమంటోంది. నేను వెళ్లి పెట్టె తీసుకున్నాను. తీసుకోగానే ఆవిడ ముందుకు వంగిపోయి, మొహం మోకాళ్ల మీద పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. అంత పెద్ద గొంతు ఆవిడకి ఉందని నాకు తెలియదు. నాన్న పోయినప్పుడు ఏడవలేదని ఇన్నేళ్లు పళ్లు నూరిన దాన్ని, ఇప్పుడు ఆపితే బాగుండునని పెట్టె పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ ఆపలేదు. కింద ఇస్త్రీ చప్పుడు ఆగింది. మెట్ల దగ్గర ఎవరో తల ఎత్తి చూశారు. పొడుగక్క లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది.